సోమవారం మాత్ర

ప్రొబేషన్ ఆఫీసరమ్మ పోయిందని మా తమ్ముడు ఫోన్లో చెప్పాడు. "అన్నా, మేడమ్ లేదంట" అన్నాడు.  సహోదరులారా, ప్రతి ఆదివారం మీ ముందు గొంతు చించుకునే నాకు ఆ పూట ప్రార్థనకు ఒక్క మాట దొరకలేదు.

ఆమె మన సంఘంలోని మనిషి కాదు. నరసరావుపేటలో పత్తి వ్యాపారం చేసే ఇంటి ఆడపడుచు. మా తమ్ముడు సున్నం బట్టీలో పనిచేస్తూ గంజాయికి మరిగి, చిన్న పొట్లంతో పట్టుబడ్డాడు. మొదటి తప్పని జడ్జిగారు జైలుకు పంపకుండా చికిత్సకు పంపారు. ఏడాదిపాటు మందులు, టెస్టులు, ప్రతి సోమవారం ఈమె దగ్గర హాజరు. తప్పితే జైలే. జామీను నేను.

సోమవారం మాత్ర ఆమె ఎదుటే మింగాలి. తినబోయే టిఫిన్ డబ్బా పక్కకు జరిపి, తన నీళ్ల సీసా వాడికిచ్చేది. మాత్ర దిగిందో లేదో చూసేది. "నోరు తెరువు తమ్ముడూ. నాలిక ఎత్తు. ఊఁ, మంచోడివి." ఒక్కనాడూ వాణ్ణి ముద్దాయి అనలేదు.

నాకది నామోషీగా ఉండేది. దేవుడు ముట్టినవాడికి మందెందుకు? నాలుగో నెలలో వాడిచేత మూడు రోజులు ఉపవాసం చేయించి, మాత్రలు మాన్పించాను. ఆదివారం మైకు చేతికిచ్చి స్వస్థత సాక్ష్యం చెప్పించాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆమె కూడా వచ్చి, గుమ్మం దగ్గర ఆఖరి చాప మీద కూర్చుంది. కూటం ముగిశాక నా దగ్గరికొచ్చింది.

"సాక్ష్యం చానా బాగుంది అయ్యగారూ. మాత్ర వేసుకున్నాడా?"

"ప్రభువే బాగుచేశాడమ్మా. ఇంకా మాత్రేందీ? అది అవిశ్వాసం."

"కుష్ఠరోగిని బాగుచేసి కూడా, పోయి యాజకుడికి చూపించుకోమన్నాడని ఇందాక మీరే చెప్తిరి గదా? నేనే ఆ యాజకుణ్ణనుకోండి. చూపించండి."

వాక్యం నాకే నేర్పుతున్నారా అని మండిపడ్డాను. ఆమె చెప్పులేసుకుని బస్సుకెళ్లిపోయింది.

ఆ సోమవారం ఆఫీసుకు సెలవు. బుధవారం వాడి చొక్కాలో ఆ వాసన తగిలింది. నిలదీస్తే ఏడ్చాడు. "అందరి ముందు బాగయ్యానని చెప్పించావు. మళ్లీ పడ్డానని ఎట్టా చెప్పేదన్నా?" ఆ మాట గుండెలో దిగినా, దాచేద్దామనే అనుకున్నాను. పరువు అలాంటిది.

శుక్రవారం వాయిదా. సంఘస్తులు నలుగురు తోడొచ్చారు. కోర్టు వరండాలో ఆమె నన్ను పక్కకు పిలిచింది. "వాడి కళ్లే చెప్తన్నాయి అయ్యగారూ. పడ్డానని చెప్పినోడి కోసం నేను అడగగలను. దాచి టెస్టులో దొరికితే నోరెత్తలేను."

పిలుపు వచ్చింది. "ఎలా ఉన్నాడు?" అని జడ్జిగారు నన్నే అడిగారు. చంకలో గ్రంథం, వెనక బెంచీ మీద నా సంఘం. తమ్ముడు బోనులోంచి నావైపే చూస్తున్నాడు. 

"మళ్లీ తాగాడయ్యా. మాత్రలు మాన్పించింది నేనే. బాగయ్యాడని చెప్పించిందీ నేనే."

జడ్జిగారు కాగితాలు తిప్పారు.  పోలీసు ఒకడు బోను వైపు అడుగు వేశాడు కూడా. అప్పుడు ఆమె లేచి, చికిత్స మళ్లీ మొదలుపెట్టనివ్వమని అడిగింది. ఇదే ఆఖరి అవకాశం అన్నారాయన.

బయటికొచ్చాక ఆమె నవ్వింది. "మైకు లేకపోయినా మీ మాట బానే వినపడుద్దే అయ్యగారూ!"

ఏడాది గడిచింది, కేసు ముగిసింది. వాడు మళ్లీ పడలేదు. నా నరకాగ్ని ప్రసంగాలు మాత్రం కొంచెం చల్లారాయి. ఆ చల్లదనం ఆమె పెట్టిన భిక్ష.

మొన్న ఆమెను ఆఖరిచూపు చూడటానికి వెళ్లాం. గాజు పెట్టెలో పడుకోబెట్టారు. చుట్టూ ఏడుపులు. మా తమ్ముడికి మాత్రం ఏడుపు రాలేదు. చేతులు కట్టుకుని, పెట్టె దగ్గరగా, సోమవారాలు నిలబడ్డట్టే నిలబడ్డాడు. నిలబడి, నోరు తెరిచి, నాలిక ఎత్తాడు.