ఎవరన్నారు నీకు రావని?

రేపల్లెలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇల్లు తెనాలిలో. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వస్తాను. స్కూల్లో నాకో పేరుంది. ఏ పిల్లయినా "నాకు లెక్కలు రావు టీచర్" అందంటే నా పాఠం అక్కడే ఆగిపోతుంది. "ఎవరన్నారు నీకు రావని?" అంటాను. ఎవరో ఒకరు అనే ఉంటారు. ఇంట్లో నాన్నో, ట్యూషన్ సారో, పక్కింటి అక్కో. ఆ మనిషెవరో బయటికొచ్చేదాకా వదలను. వచ్చాక ఉతికి ఆరేస్తాను.

కిందటేడు ఒక తండ్రిని స్కూలుకు పిలిపించి మరీ తిట్టాను. చేపల వేటకు వెళ్ళే మనిషి. "మా పిల్లకి లెక్కలు ఎక్కవులేండి టీచరుగారూ, పాసయితే చాలు" అన్నాడు, పిల్ల పక్కనుండగానే. "కన్నతండ్రివి, పిల్ల ముందే ఆ మాట నోటికెలా వచ్చిందయ్యా?" అన్నాను. పాపం, తలొంచుకుని నిలబడ్డాడు. స్టాఫ్ రూములో అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకూ బాగానే అనిపించింది.

ఈ ఏడాది బళ్ళు తెరిచిన కొత్తలో బాపట్లలో టీచర్ల శిక్షణ జరిగితే ఈ సంగతే చెప్పాను. ప్రతి పిల్లకీ వస్తాయి, ముందు నమ్మాల్సింది మనం అన్నాను. చప్పట్లు కొట్టారు. మీ అమ్మాయి ఎక్కడ చదువుతోందండీ అని అక్కడెవరూ అడగలేదు. తెనాలిలో ప్రైవేటు స్కూల్లో వేశానని నేనూ చెప్పలేదు.

ఆ తరవాతి శనివారం మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. సెలవు పెట్టి వెళ్ళాను. పిల్ల తొమ్మిదిలోకి వచ్చింది. తొమ్మిది నుంచి ఆ స్కూల్లో లెక్కలు బాగా చేసేవాళ్ళకి ఒక బ్యాచి వేరేగా నడుపుతారు. క్లాస్ టీచరు కొత్తగా చేరిన చిన్నపిల్ల.

"మీ పాప ఆ బ్యాచిలో చేరతానని తనే వచ్చి అడిగిందండి. నెమ్మదిగా చేస్తుంది గానీ, చేస్తుంది మేడమ్. చేర్చుకోమంటారా?" అంది.

మా అమ్మాయి నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది. ఇంట్లో నాకీ మాట చెప్పనేలేదు. ఎలా చెబుతుంది? ఇంట్లో లెక్క చెబితే రెండో మాటకే విసుక్కుంటాను. అదే లెక్క స్కూల్లో నాలుగుసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

"వద్దమ్మా" అన్నాను. "దీనికి లెక్కలు రావు. ఇన్నేళ్ళ నుంచీ చెబుతున్నాను, చూస్తే తెలిసిపోతుంది నాకు."

నేను నవ్వాను కూడా.

బయటికొచ్చి స్కూటీ తీసేదాకా ఏమన్నానో నాకే తెలియలేదు. వెనక కూర్చున్నప్పుడు మా అమ్మాయి రోజూ నా నడుం చుట్టూ చెయ్యి వేస్తుంది. ఆ రోజు వెనక కడ్డీ పట్టుకుంది. అప్పుడు నా చేత తిట్లు తిన్న ఆ తండ్రి గుర్తొచ్చాడు. ఆయన నయం, కనీసం పాసయితే చాలన్నాడు.

చూస్తే తెలిసిపోతుందన్నానే, మరి రేపల్లె పిల్లల్ని ఇన్నాళ్ళూ చూసి నాకేం తెలిసినట్టు? వాళ్ళకి వస్తాయని నమ్మితే నా సొమ్మేం పోయింది? రాకపోతే బాధపడేది వాళ్ళ ఇళ్ళలో. నేను సాయంత్రం రైలెక్కేస్తాను. మా పిల్ల వెనకబడితే మాత్రం లెక్కల టీచరు కూతురికే లెక్కలు రావట అని అందరూ చెప్పుకుంటారు. నా భయం అదీ. అందులో పిల్ల గురించి ఏమీ లేదు. ఈ మాట రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఆదివారమంతా దాని చుట్టూ తిరిగాను. ఇష్టమని పెసరట్లు వేశాను. తిన్నది, కబుర్లు చెప్పింది, మామూలుగానే ఉంది. అలగనైనా అలిగితే బాగుండుననిపించింది.

సోమవారం పొద్దున్నే క్లాస్ టీచరుకు ఫోన్ చేశాను. నాదే పొరపాటు, పిల్లను బ్యాచిలో చేర్చుకోండమ్మా అన్నాను. ఆ టీచరు సంతోషంగా సరేనంది. ఫోను పెట్టేసి, అద్దం ముందు జడ వేసుకుంటున్న మా అమ్మాయికి ఏదో వరమిస్తున్నట్టు ఆ సంగతి చెప్పాను.

"వద్దులేమ్మా. నాకు లెక్కలు రావు" అంది. కోపంగా కాదు. టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది.

పాడు నోరు, అలవాటైపోయింది. "ఎవరన్నారే నీకు రావని?" అనేశాను.

జడ అల్లుతున్న చేతులు ఆగాయి. అద్దంలోంచి నా వంక చూసింది. ఎవరి పేరూ చెప్పలేదు. రిబ్బను ముడి వేసుకుని, వంటింట్లోంచి నా టిఫిన్ బాక్సు తెచ్చి చేతికిచ్చింది.

"వెళ్ళమ్మా, రైలు వెళ్ళిపోతుంది" అంది.

ఆ రోజు నా క్లాసులో ఎవరూ ఆ మాట అనకూడదని దణ్ణం పెట్టుకుంటూ రైలెక్కాను.