కాక వద్దన్న కంపెనీ

నిన్న సాయంత్రం అక్క కొడుకు మా ఇంటికి వచ్చాడు. హెవీ లైసెన్సు చేతికొచ్చిందట. మిఠాయి డబ్బా నా చేతిలో పెట్టి, "మామా, ఏ కంపెనీల చేరితె మంచిగుంటది?" అని అడిగాడు. వాడి వెనకే వచ్చిన అక్క గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నేను మిఠాయి నోట్లో వేసుకున్నాను.

ఒకప్పుడు నేనూ ఇదే ప్రశ్నతో గోదావరిఖని అంతా తిరిగాను. నాకు తోడుగా వచ్చినవాడు మా కాక, నాన్న తమ్ముడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. బాయిలో భద్రత చూసే సర్దార్ పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విని, సరేనన్నాకే కార్మికులు లోపలికి అడుగు పెడతారు. ఆ అలవాటు కాకను ఎంతగా పట్టుకుందంటే, పెళ్లికి పోయినా పందిరి గుంజను ఓసారి తట్టి చూస్తే గానీ బంతిలో కూర్చునేవాడు కాదు. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని నౌకరీ అడగడానికి పోవడం ఎంత నామోషీయో మీరే ఊహించుకోండి.

మొదట ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తోలే పెద్ద కంపెనీకి పోయాం. వరసగా కొత్త టిప్పర్లు, ఏసీ క్యాబిన్లు, ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయని సీట్లు. నా కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. కాక మాత్రం సూపర్‌వైజర్‌ను ఒకే మాట అడిగాడు. "సారూ, బ్రేకు మంచిగ లేదు, బండి తియ్యనని డ్రైవరంటె మీరేం జేస్తరు?"

ఆయన నవ్వాడు. "గేటు బయట ఇంకొకడు తయారుగ ఉంటడు పెద్దాయనా."

తర్వాత రామగుండంలో నాలుగు పాత లారీలున్న ఒక చిన్న యజమాని దగ్గరికి పోయాం. కాక ఆయన్నీ అదే అడిగాడు. "ఏం జేస్త? మెకానిక్‌ను పిలుస్త. ఆ పూట బండి ఆగుతది" అన్నాడాయన. బయటికి రాగానే కాక తేల్చేశాడు. "ఈడ చేరు బిడ్డా. వద్దంటె ఇనేటోని దగ్గరనే పని జెయ్యాలె."

నేను వినలేదు. రంగు వెలిసిన ఆ లారీలు నడిపితే దోస్తులు నవ్వుతారని పెద్ద కంపెనీలోనే చేరాను. అంతటితో ఆగినా బాగుండేది. అప్పటికే లైసెన్సు ఉండి, ఎక్కడ చేరాలా అని చూస్తున్న అక్క భర్తను, మా బావను, పోరుపెట్టి అక్కడికే తీసుకుపోయాను. "నువ్వున్నవు గదా బామ్మర్దీ, నాకేం ఫికర్" అంటూ వచ్చాడు బావ.

రెండో ఎండాకాలం, పొద్దుటి షిఫ్టు. బ్రేకు సరిగా పడటం లేదని బావ సూపర్‌వైజర్‌కు చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. "ఈ ఒక్క ట్రిప్పు కొట్టు, తర్వాత చూద్దాం" అన్నాడాయన. బావ నా ముఖం చూశాడు. "పోయిరా బావా, ఏం గాదు" అన్నాను. మట్టిగుట్ట వాలులో బండి ఆగలేదు. బావ అక్కడికక్కడే పోయాడు, దవాఖానకు తీసుకుపోయే అవసరం కూడా లేకపోయింది.

నేనన్న ఆ మాట అక్కకు ఇన్నేళ్లూ చెప్పలేదు. నిన్న వాడికి జవాబు చెప్పబోతే అదే బయటికొచ్చింది. మొత్తం చెప్పేశాను. వాడు తల దించుకున్నాడు. అక్క లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అప్పుడే చెప్తె నిన్ను కొడుతుంటి, తిడుతుంటి, ఏడుస్తుంటి. ఇన్నేండ్లకు చెప్తె నేనేం జెయ్యాల్రా తమ్మీ?" అంది.

చెప్పాల్సిన మాటకూ ఒక కాలం ఉంటుంది. అది దాటిపోయాక నిజం చెప్పినా, తమ్ముణ్ణి కొట్టే హక్కు కూడా అక్కకు మిగలదు.