తమ్ముడి మత్తుకు అన్న మెడ

మార్కాపురంలో నా పరువు ఒక్క పూటలో ఎలా గంగలో కలిసిందో చెబుతాను, వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి. కానీ తప్పంతా నాదే అన్నారో, ఊరుకునేది లేదు!

నేను మత్తు డాక్టర్ని. అప్పుడే ఓ ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరాను. పూర్తి మత్తిచ్చాక పేషెంటు సొంతంగా ఊపిరి తీసుకోలేడు. గొంతులోకి గొట్టం వేసి మనమే ఊపిరి అందించాలి. కొందరికి మెడ లావు, నాలుక మందం. గొట్టం దిగనని మొండికేస్తే ప్రాణం మీదికొస్తుంది. అలాంటి గొంతుని మెడ మీద స్కానింగ్ చేసి ముందే పసిగట్టే విద్య నేను నేర్చుకొచ్చాను. ఇక చూడండి నా మిడిసిపాటు! కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త స్కానింగ్ నేర్చిన డాక్టరమ్మ పేషెంటునే ఎరగదు.

ఆ రోజు తర్లుపాడు వైపు నుంచి చెన్నయ్య అనే రైతు వచ్చాడు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, నొప్పికి మెలికలు తిరిగిపోతున్నాడని సర్జన్ గారు అదే రోజు ఆపరేషన్ పెట్టారు. నేను మెషీన్ తోసుకుంటూ గదిలోకి వెళ్ళేసరికి ఒక భారీ మనిషి చొక్కా గుండీలు విప్పుకుని మంచం మీద సిద్ధంగా పడుకుని ఉన్నాడు. బెంచీ మీద ఇంకో బక్కమనిషి పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. పాపం, తోడొచ్చినవాడికి ఆకలేస్తున్నట్టుంది అనుకున్నాను.

"రాత్రి నుంచి ఏమన్నా తిన్నారా?" అని మంచం మీది మనిషిని అడిగాను.

"యాడ తింటాం తల్లీ! ఇంట్లో పొయ్యే ముట్టియ్యలేదు."

"గురక పెడతారా?"

"మా ఇంటిది వసారాలో పండుకుంటాది."

ఇంతకంటే స్పష్టంగా జవాబు చెప్పిన పేషెంటు ఎవరైనా ఉన్నారా, మీరే చెప్పండి! మెడకు జెల్ రాశాను.

"ఇది కడుపుతో ఉన్నోళ్ళకు చేసేది కాదా అమ్మా?"

"మాట్లాడకండి. గొంతు కదులుతోంది."

బెంచీ మీది మనిషి భయంభయంగా అడిగాడు. "నొప్పిగుందా అన్నా?"

"ఏం లేదురా, సల్లగుంది. భయపడబాక."

తన నొప్పి దిగమింగుకుని తోడొచ్చినవాడికే ధైర్యం చెబుతున్నాడే అని నా కళ్ళు చెమర్చాయి. నా బుద్ధి మండ, అప్పుడైనా అనుమానం రాలేదు!

స్క్రీన్ మీద చూద్దును కదా, నాలుక దిండంత మందం. నాలుక మొదట్లో ఊపిరి దారికి ఉండే మూత ఎక్కడో పాతాళంలో ఉంది. సర్జన్ గారి గదికి పరిగెత్తాను.

"సార్, ఈ గొంతులో గొట్టం దిగదు. ఇక్కడ నేను మత్తివ్వను. గుంటూరు పంపించండి."

"నొప్పితో ఉన్న మనిషిని అంత దూరమా? ఖాయంగా చెబుతున్నావా అమ్మా?"

"మెషీన్ అబద్ధమాడదు సార్!"

అంబులెన్సు వచ్చింది. బయటికొచ్చి చూస్తే ఆ బక్కమనిషిని దర్జాగా స్ట్రెచర్ మీద పడుకోబెడుతున్నారు. భారీ మనిషి పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఆయన్ని దించండి! ఏమయ్యా, నువ్వు పడుకో!" అని అరిచాను.

"నేనెందుకు తల్లీ పండుకునేది? నొప్పి మా తమ్మునికి గదా!"

"మరి ఇందాక మంచం మీద నువ్వెందుకు పడుకున్నావు?"

"సెన్నయ్యకు మిషన్లంటే బయ్యం తల్లీ. ముందటెద్దు నీళ్ళల్లో దిగితేనే ఎనకటెద్దు దిగుతాది. అందుకని నేను ముందు సేయించుకున్నా."

"నాకు చెప్పాలా వద్దా?"

"మీరు అడగలేదే! నోరు మూసుకోమన్నారు."

స్ట్రెచర్ మీది నుంచి చెన్నయ్య మూలుగుతూ అందుకున్నాడు. "అన్నది అయిపోయినాక నన్ను పిలుస్తారని కూసున్నా మేడమ్. మీరు ఉరుక్కుంటా పోతిరి."

విన్నారా? పస్తులుండేది అన్న, జవాబులు చెప్పేది అన్న, మెడ అన్నది, రాళ్ళేమో తమ్ముడివి! ఇంతమంది ఉన్న ఆసుపత్రిలో ఒక్కరైనా "డాక్టరమ్మా, అది ఆ మెడ కాదు" అనలేదే! నాకు ఎంత కోపమొచ్చిందంటే, అంబులెన్సు ఎక్కి నేనే గుంటూరు వెళ్ళిపోదామనుకున్నాను.

అంబులెన్సుని వెనక్కి పంపి, ఈసారి చెన్నయ్య మెడకే జెల్ రాశాను. కొంగ మెడ. స్కానింగ్‌లో వంక పెట్టడానికేమీ లేదు. మత్తిచ్చాను, గొట్టం సర్రున దిగింది, రాళ్ళు బయటికొచ్చాయి. నేను మాత్రం ఆపరేషన్ అయ్యేదాకా అన్నని, తమ్ముణ్ణి, వాళ్ళ ఎద్దుల్ని కూడా కలిపి తిడుతూనే ఉన్నాను.

సర్జన్ గారు గ్లౌజులు విప్పుకుంటూ నెమ్మదిగా అడిగారు. "మంచం మీద పడుకున్నది బక్క అన్న, రాళ్ళున్నది లావు తమ్ముడు అయ్యుంటే?"

మెషీన్‌నే నమ్మి, మనిషిని చూడకుండా, గొంతు సుళువేనని గుండెల మీద చెయ్యేసుకుని మత్తిచ్చేసి ఉండేదాన్ని. ఆ తర్వాత గొట్టం దిగక, ఊపిరి ఆడక... అంతవరకూ తిట్టిన తిట్లన్నీ వెనక్కొచ్చి నా నెత్తిమీదే పడ్డాయి.

అందుకని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పలక మీద రాస్తే తుడిపేస్తానంటారేమో, పలకల గనులున్న మా ఊళ్ళో రాయికి కరువు లేదు, చెక్కించి ఇస్తాను. పేరడగకుండా, ఆ పేరు నిజమేనని ఇంకో ఇద్దరు ఒప్పుకోకుండా, జన్మలో ఎవరి మెడకూ జెల్ రాయను. రాశానో, ఆ మంచం మీద నన్నే పడుకోబెట్టి మత్తివ్వండి.

ఇచ్చేముందు నా పేరు మాత్రం అడగండి.