అక్క మొగుడికి నన్నిస్తామన్నారు

మా అక్కకి పద్దెనిమిది నిండగానే పెళ్లి చేసేశారు. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ రేవులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో అమ్మి మమ్మల్ని పెంచింది. మాది భావనపాడు. బావది పక్క ఊరు, మాకు దూరపు చుట్టం. గుజరాత్ బోట్ల మీద పనికి పోయేవాడు. మా వైపు మగవాళ్లలో చాలామంది అంతే. ఆగస్టులో రైలెక్కితే మళ్లీ ఎండలు ముదిరాకే ఇంటికొస్తారు. బావ మాట మెత్తన. వచ్చినప్పుడల్లా నాకు గాజులు తెచ్చేవాడు. నాకాయనంటే ఇష్టంగానే ఉండేది.

అక్క కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో అందరికీ తీసినట్టే రక్తం తీశారు. మర్నాడు పిలిచి మళ్లీ తీశారు. ఆ తర్వాత శ్రీకాకుళం వెళ్లమన్నారు. అమ్మకి రేవు పని మానడం కుదరదు, అందుకని తోడు నేను వెళ్లాను. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. కౌన్సిలర్ మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి, తలుపు వేసి వచ్చి, నెమ్మదిగా చెప్పింది. హెచ్ఐవీ అని.

అక్క "నేనేటి సేసినాను మేడమ్?" అంది.

"నువ్వేం చెయ్యలేదమ్మా. రోజూ మాత్ర వేసుకుంటే నువ్వు బాగుంటావు, బిడ్డకీ రాకుండా చూసుకోవచ్చు. మీ ఆయన్ని తీసుకురా."

ఆ ఏడు బావ ఊళ్లోనే ఉన్నాడు. వచ్చాడు, పరీక్ష చేయించుకున్నాడు, ఆయనకీ ఉందన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క అడిగింది, "నీకు ముందే తెలుసా?" అని. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. టెక్కలి వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

పాప పుట్టింది. పుట్టగానే మందు పోశారు, పరీక్షల మీద పరీక్షలు చేశారు. చివరి పరీక్షలో కూడా లేదని తేలింది. ఆ రోజు అక్క పాపని ఎత్తుకుని బస్టాండులో ముక్కూ మొహం తెలియని వాళ్లకి కూడా చూపించి నవ్వింది. దాన్ని అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

అత్తవారింట్లో మాత్రల డబ్బా పెట్టుకోడానికి దానికి చోటు లేకపోయింది. "ఎవులైనా సూస్తే మా పరువేటవుతాది?" అని దాని అత్త డబ్బాని కాలవలో పారేసింది. అక్క మళ్లీ తెచ్చుకుంది, అత్త మళ్లీ పారేసింది. పాప పాలు మానే వరకూ బియ్యం కుండలో దాచుకుని మరీ వేసుకుంది. పాప పాలు మానేశాక తనే విసిగి మానేసింది. నేనెంత ఏడ్చినా "నా పిల్లకి లేదు, నాకదే సాలు" అనేది. దగ్గు పట్టుకుంది, జ్వరం తిరగబెట్టింది. మోసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఊళ్లో అందరికీ టీబీ అని చెప్పాం. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

పెద్దకర్మ అయిన కొద్ది రోజులకే అక్క అత్త వచ్చి మా అరుగు మీద కూర్చుంది. అక్క పోయినప్పటి నుంచీ మా దగ్గరే ఉంటున్న పాప నా ఒళ్లో ఉంది.

"దీనికి సవితి తల్లెందుకు? పిన్ని ఉన్నాది కదా. నీ సిన్నదాన్ని మాకిచ్చెయ్" అంది అమ్మతో, గంపలో చేప అడిగినట్టు.

మాలో అక్క పోతే చెల్లెల్నివ్వడం కొత్తేం కాదు. అమ్మ వద్దనలేదు. అత్త వెళ్లాక పెరట్లో ఎండబెట్టిన చేపలు తిరగేస్తున్న అమ్మ దగ్గరికి పోయాను.

"అమ్మా, బావకేటున్నాదో నీకు తెల్దేటి?"

"తెలుసు."

"తెలిసే ఇచ్చేత్తావా?"

అమ్మ చేతిలో చేప కింద పెట్టేసింది. "మందులేసుకుంటున్నాడంట. నువ్వు కాదంటే పిల్లని అట్టుకుపోతామంటన్నారు. దానికి జొరమొస్తే ఆ ఇంట్లో ఎవులు సూస్తారే? నేనేటి సెయ్యను, నువ్వే సెప్పు. నేనేటి సెయ్యను?" అని నెత్తి బాదుకుంది. నాకు అమ్మ మీద కోపం రావాలి. రాలేదు. ఆవిడ చేతులు పట్టుకుని ఆపడమే సరిపోయింది.

కౌన్సిలర్ మేడమ్‌కి ఫోన్ చేశాను. పరీక్షలో క్రిమి కనబడనంతగా తగ్గేలా రోజూ మందు వాడేవాళ్ల నుంచి భార్యకి రాదనీ, నిరోధ్ కూడా వాడాలనీ, అలా పెళ్లి చేసుకుని బతుకుతున్నవాళ్లు ఉన్నారనీ చెప్పింది. "కానీ ఆయన నిజంగా వాడుతున్నాడో లేదో నువ్వే కనుక్కో. ఇష్టం లేని పెళ్లయితే మాత్రం ఏ మందూ పనిచెయ్యదమ్మా" అంది.

బావ పాపని చూడ్డానికి వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి అడిగాను. "బావా, మాత్రలు వేసుకుంతన్నావా?"

"ఏటి మాత్రలు? నాకేటైనాది? నన్ను సూడు, ఎలాగున్నానో."

నిజమే, దిట్టంగా ఉన్నాడు. అక్క కూడా పెళ్లినాడు అలాగే ఉండేది.

మాట ఖాయం చేసుకోడానికి పెద్దలు వచ్చారు. మా వాకిట్లో చాపలు పరిచారు. కులపెద్ద తాంబూలం పళ్లెం ముందుకి జరుపుతుంటే నేను గదిలోంచి బయటికొచ్చాను. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"బావకి హెచ్ఐవీ ఉన్నాది. అక్క దాంతోనే పోనాది. నేను సేసుకోను."

కులపెద్ద పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. ముందు నోరు విప్పింది అత్త. "నీ అక్కే తెచ్చి మా ఇంట్లో ఎట్టింది! నా కొడుక్కి అంటించి పోనాది!" అని అరిచింది. నేను బావ వైపు చూశాను. ఒక్క మాట, కాదని ఒక్క మాట అంటాడనుకున్నాను. తలొంచుకుని తువ్వాలు సర్దుకున్నాడు. అమ్మ లేచొచ్చి నన్ను చెంప మీద కొట్టింది. కొట్టి, అక్కడే కూలబడి, నా కాళ్లు కావిలించుకుని ఏడ్చింది.

వాళ్లు వెళ్లిపోయారు. పాపని అట్టుకుపోతామన్నవాళ్లు, "ఆ రోగపు పిల్ల మాకొద్దు" అని వదిలేసి పోయారు. దానికి ఏ రోగమూ లేదని చెప్పినా వినలేదు. ఆ వారం నుంచి అమ్మ గంప దగ్గరికి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ రాలేదు. చేపలు నిండుగా తీసుకెళ్లి నిండుగా తెచ్చేది. మా పాప వెళ్తే పక్కింటివాళ్లు తమ పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు.

నాలుగు నెలలు గడిచాయో లేదో బావకి కళింగపట్నంలో సంబంధం కుదిరిందని తెలిసింది. పెళ్లికూతురి వాళ్లకి చెప్పమని మేడమ్‌ని అడిగితే, తనవల్ల కాదంది. ఒకరి పరీక్ష సంగతి ఇంకొకరికి చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. నేనే బస్సెక్కాను.

పెళ్లికూతురి తండ్రి వల బాగుచేసుకుంటున్నాడు. అంతా విన్నాడు. "నిన్ను కాదన్నాడని కడుపుమంటేటి?" అన్నాడు. ఇంక మాట్లాడనివ్వలేదు. ఆ పిల్ల వెనక పెరట్లో గిన్నెలు తోముతోంది. నాకంటే చిన్నది. చెవులకి కొత్త జూకాలు. అన్నీ వినే ఉంది. పక్కన కూర్చుని చెప్పాను, పెళ్లికి ముందు పరీక్ష అడగమని, మాత్రలు వేసుకుంటేనే రమ్మనమని, నిరోధ్ లేకుండా దగ్గరికి రానివ్వొద్దని, అక్కకున్నా మా పాపకి రాలేదని.

గిన్నె మీద పీచు ఆపకుండా ఆ పిల్ల అంది: "ఎవుల్ని అడగను? మా నాన్ననా? ఆయన్నా? రానివ్వనంటే ఊరుకుంటాడా? తెలిసి మటుకు నేనేటి సెయ్యనక్కా?"

నా నంబరు రాసిన చీటీ ఇచ్చి వచ్చేశాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. కండక్టరు రెండుసార్లు అడిగాడు, ఒంట్లో బాలేదా అని.

పెళ్లైపోయింది. ఆ ఏడు బావ బోట్ల మీదికి పోలేదు.

ఎండాకాలంలో ఒక పగలు ఫోనొచ్చింది. ముందు ఏడుపే వినబడింది, తర్వాత కళింగపట్నం పిల్లని గుర్తుపట్టాను. మూడో నెలట. రక్తం తీశారట. ఉందన్నారట. "మీ అక్క కూతురికి రాలేదన్నావు కదా. నిజమేనా, ఊరికే అన్నావా?"

"నిజమే."

"ఒకపాలి సూపిస్తావా?"

తనే వచ్చింది. పాప చేతులు, బుగ్గలు, వీపు, అన్నీ తడిమి తడిమి చూసింది. పాపకి చక్కిలిగింతలై నవ్వితే, తను గబుక్కున చేతులు వెనక్కి తీసుకుని మొహం కప్పుకుంది. మర్నాడు ఇద్దరం కలిసి శ్రీకాకుళం వెళ్లాం. మాత్రలు మొదలుపెట్టారు. డబ్బా మా ఇంట్లోనే ఉంచి, కొన్ని కొన్ని కొంగులో ముడేసుకుని అత్తారింటికి పట్టుకెళ్తోంది. పుట్టింటివాళ్లు తిరిగి రావద్దన్నారు. కాన్పుకి ఇంకా టైముంది.

బావ మాత్రం ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. ఆగస్టులో మళ్లీ గుజరాత్ రైలెక్కేశాడు.