మొదటి గ్లాసు ఎవరిచ్చారు?

చిన్నాన్న పోయాడని కబురు వచ్చేసరికి నేను ఆఫీసులో ఒక బటన్ రంగు గురించి వాదిస్తున్నాను. ఫోన్ చేసింది చిన్నమ్మ. పొద్దున చాయ్ తాగి, కూర్చున్న చోటే ఒరిగిపోయాడని చెప్పింది. ఏడవలేదు. తన మనవడి కోసం జల్దీ రమ్మంది. ఎందుకో నాకు తెలుసు. బస్సు దుమ్ముగూడెం చేరేదాకా నాకు దుఃఖం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

మీకు ఆయన తెలియదు కాబట్టి చెప్తాను. చిన్నాన్న మా నాన్నకు తమ్ముడు. మణుగూరు వైపు బొగ్గు బావిలో పనిచేసి, రిటైరయ్యాక దుమ్ముగూడెం దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల్ని కాదు, పైకప్పును చూసేవాడు. బావిలో పట్టిన అలవాటు. మా కొత్త ఫ్లాటుకు వచ్చినప్పుడు కూడా గుమ్మంలో నిలబడి స్లాబంతా ఒకసారి పరికించి, ఆ తర్వాతే చెప్పులు విప్పాడు. యంత్రాల మోతకు చెవులు మందగించాయి, అందుకని మెల్లగా మాట్లాడటం ఆయన వల్ల కాదు. ఆయన రహస్యం చెబితే వీధి చివరి దాకా వినపడేది.

నా పని ఫోన్ యాప్‌లు రూపొందించడం. ఇంటర్, డిగ్రీ పిల్లలు మందు జోలికి పోకుండా, పోయినవాళ్లు మితిమీరకుండా చూసే యాప్ ఒకటి మా చిన్న బృందానికి అప్పగించారు. మొదట చేసినదాంట్లో, ఎన్ని గ్లాసులు తాగారో నొక్కితే ఎర్రటి అంకె కనిపించేది. పిల్లలు చూసి సిగ్గుపడతారనుకున్నాం. వాళ్లేమో ఆ అంకెను స్క్రీన్‌షాట్ తీసి ఒకళ్లకొకళ్లు పంపుకుని పందేలు కాశారు. ఈ సంగతి చెబితే చిన్నాన్న నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. మీరు తాగుడు మాన్పించలేదు, ఆటల పోటీ పెట్టారు అన్నాడు. ఆయన సలహాలన్నీ పనికొచ్చేవని కాదు. సీసా దగ్గరికి పోతే చాలు, బావి మీద షిఫ్టు మారేటప్పటి సైరన్ ఫోన్‌లో మోగాలని చాలాకాలం పట్టుబట్టాడు.

రెండోసారి ప్రశ్నలు రాశాం. అందులో ఒకటి, మొదటి గ్లాసు ఎవరిచ్చారు అని. దాని కింద జవాబులు: స్నేహితులు, సీనియర్లు, దుకాణం, తెలియనివాళ్లు. సెలవుకు ఊరెళ్లినప్పుడు ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. తువ్వాలు కొసతో తెర తుడిచి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, వేలితో పైకీ కిందికీ జరిపాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. అంతే అన్నాను. అక్షరాలు కనిపించడం లేదేమోనని చదివి వినిపించబోతే ఆపాడు.

"ఇందుట్ల నేను లేను కద బిడ్డా."

ఆయనకు ఒక్కడే కొడుకు, నాకు అన్న వరస. మా తాత చనిపోయినప్పుడు అన్నకు మీసాలు కూడా సరిగా రాలేదు. పాడె మోసినవాడు మొగవాడైనట్టేనని, దినాల నాడు చిన్నాన్నే తన చేత్తో మందు పోసి ఇచ్చాడు. పెద్దలంతా అన్న భుజం తట్టారు. మా వైపు అది ప్రేమే. ఏడుస్తున్న పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకోవడం అన్నమాట. ఆ అలవాటే ముదిరి, చివరికి తాగి బండి మీద వస్తూ సారపాక రోడ్డు మీద పోయాడు అన్న. చిన్నాన్న మళ్లీ చుక్క ముట్టలేదు. కోడలు భద్రాచలంలో ఉద్యోగం చేస్తుంటే, మనవడిని తన దగ్గరే పెట్టుకుని పెంచాడు.

'మా ఇంటి పెద్దలు' అనే జవాబు చేర్చాలనేసరికి ఆఫీసులో రగడ అయింది. తల్లిదండ్రులకు కోపం వస్తుందన్నారు, కాలేజీలు వద్దంటాయన్నారు. నేను మొండికేశాను. చేర్చాం. ఇప్పటికీ మా మేనేజర్ ఎవరికైనా యాప్ చూపిస్తూ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంటాడు. నా పని నాకు నేర్పినవాళ్లలో చిన్నాన్నను ముందు చెప్పుకుంటాను.

పెద్దలు ఇస్తే వద్దని మర్యాదగా ఎలా చెప్పాలో నేర్పే మాటలు కూడా పెట్టాం. ఆయన అన్నీ విని మంచిగున్నయన్నాడు. కానీ మొహంలో ఒప్పుకోలు లేదు. ఏంటి లోటని గుచ్చి గుచ్చి అడిగాను.

"ఆ యాళకు ఫోన్ జేబులుంటది, గ్లాసు ముందటుంటది. పక్కన మనిషి ఉండాలె."

తర్వాత ఒకరోజు చిక్కుడుకాయల నార తీస్తూ, తన దినాల నాడు మనవడి పక్కన నన్ను ఉండమన్నాడు. చావు మాటలెందుకని విసుక్కున్నాను. ఆయన వినలేదు. మాట తీసుకున్నాకే మళ్లీ చిక్కుడుకాయ చేతిలోకి తీసుకున్నాడు.

మనవడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. తలకొరివి పెట్టింది వాడే. దినాల నాడు గుండుతో, చుట్టాలు కప్పిన తువ్వాళ్ల కింద ముడుచుకుపోయి టెంటులో కూర్చున్నాడు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. మొగవాళ్ల మధ్య ఈమెకేం పనన్నట్టు చూశారు. చూడనీ అనుకున్నాను. ఒకపక్క మాంసం ఉడుకుతోంది, ఇంకోపక్క సీసాల మూతలు తీస్తున్నారు.

పెదనాన్న వచ్చాడు. చిన్నాన్నకు అన్న, ఇప్పుడు మా అందరికీ పెద్దదిక్కు. చెడ్డవాడైతే ఎంత బాగుండేది, నిలదీసేదాన్ని. తమ్ముడు పోయినప్పటి నుంచి మనవడు తిన్నాకే తాను ముద్ద ముట్టిన మనిషి. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. స్టీలు గ్లాసు వాడి ముందు పట్టుకున్నాడు.

"తాగు బిడ్డా. మీ తాత కోసం."

నేను నోరు తెరిచేలోపే వాడు మాట్లాడాడు. మేం యాప్‌లో రాసిపెట్టిన మాటల్లో ఒక్కటీ కాదు.

"నాకు భయమైతాంది పెద్ద తాతా."

పెదనాన్న చెయ్యి అలాగే ఉంది. అంతమంది ముందు చాచిన గ్లాసును ఎలా వెనక్కి తీసుకోవాలో ఆయనకు తెలియలేదు. మా ఇళ్లలో అప్పటిదాకా ఆయన మాట ఎవరూ కాదనలేదు.

వంటల దగ్గర నుంచి చిన్నమ్మ వచ్చింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ బావ ఎదుట నిలబడి మాట్లాడని మనిషి. కొంగు తలమీదికి లాక్కుని, ఆయన చేతిలోని గ్లాసును రెండు చేతులతో తీసుకుంది.

"వీడొక్కడే మిగిలిండు బావా," అంది.

ఆయన చెయ్యి అప్పటికీ దించలేదు. గ్లాసు పోయినా వేళ్లు దాని చుట్టూ ఉన్నట్టే వంగి ఉన్నాయి. మనవడు లేచాడు. తువ్వాళ్లు నా ఒళ్లో వదిలేసి, ఒక విస్తరీ అన్నం గిన్నే తెచ్చి, విస్తరి ఆ చేతిలో పెట్టాడు. పెదనాన్న రెండో చేత్తో కూడా దాన్ని పట్టుకున్నాడు. వాడు వంగి, మెతుకు కింద పడకుండా, కొంచెం కొంచెంగా అన్నం వడ్డిస్తున్నాడు.