చీపురుకర్ర మాస్టారు

మా బావని పిల్లల తల్లిదండ్రులు చాటుగా చీపురుకర్ర మాస్టారు అనేవాళ్ళు. వెయిట్‌లిఫ్టింగ్ నేర్పమని పిల్లల్ని తెచ్చి అప్పగిస్తే, నెలల తరబడి వాళ్ళ చేతికి చీపురుకర్రే ఇచ్చేవాడు మరి. వంగడం, లేవడం, మడమ నేలకి ఆనించడం అన్నీ దానితోనే. తర్వాత ఖాళీ ఇనుపకడ్డీ. వరసగా పదిసార్లు నడుము గుండ్రపడకుండా ఎత్తితేనే దానికి బరువు బిళ్ళ తగిలించేవాడు.

"మావాడు గ్యాస్ బండ ఒంటిచేత్తో ఎత్తేస్తాడు మాస్టారూ" అని ఒక తండ్రి గొప్పలు పోయాడు.

"అయితే గ్యాస్ ఏజెన్సీలో చేర్పించండి" అన్నాడు బావ.

పిల్లలు బరువెత్తుతుంటే కన్నవాళ్ళు హాలు బయటే ఉండాలి. సరిగా ఎత్తారో లేదో పరాయి కన్నే తేల్చాలన్నది ఆయన పట్టుదల. "కాకిపిల్ల కాకికి ముద్దు. వంకర నడుం కూడా తిన్నగానే కనిపిస్తుంది" అనేవాడు. అందుకే తన కూతురి వంతు వస్తే తను బయటికి పోయి నన్ను నిలబెట్టేవాడు. నేను ఆయన బావమరిదిని, ఆ హాల్లో కడ్డీలు తుడిచి చాపలు పరిచేవాణ్ణి. పదమూడేళ్ళ నా మేనకోడలికి నేను పరాయివాణ్ణెలా అవుతానో ఆయనా ఆలోచించలేదు, నేనూ అడగలేదు.

జిల్లా జట్టు ఎంపిక పోటీలకి వారం ఉందనగా బావ బయటికి వెళ్ళడం మానేశాడు. తనే లెక్కపెట్టాడు. ఏడోసారికే పిల్ల నడుము గుండ్రపడింది.

"బావా, ఆపు" అన్నాను.

"నా పిల్ల సంగతి నాకు తెలీదా?" అని ఇంకో బిళ్ళ తగిలించాడు.

అమ్మాయి నడుం పట్టుకుంది. "నాన్నా, ఇక్కడ పోటు పెడుతోంది."

ఇంకే పిల్ల ఆ మాటన్నా ఆ క్షణమే కడ్డీ దింపించి ఇంటికి పంపేవాడు. "ఈ వారం ఓర్చుకో తల్లీ" అన్నాడు. నేను నోరు మూసుకుని చాపలు సర్దాను. తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజు అమ్మాయి కడ్డీ వదిలేసి కూలబడింది. ఆస్పత్రిలో ఫోటోలు తీసి, వెన్నుపూస చీలిందన్నారు. నెలల పాటు నడుముకి బెల్టు. మళ్ళీ బరువులెత్తడం మీద ఆశ పెట్టుకోవద్దన్నారు.

"ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. నొప్పి ముందునుంచే ఉండాలే! ఎవరికైనా చెప్పావామ్మా?" అని అడిగాడు డాక్టరు.

అమ్మాయి తండ్రి వైపు చూడలేదు. "లేదండీ, ఎవరికీ చెప్పలేదు" అంది.

తప్పించుకునే దారి ఆ పిల్లే చూపించింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని నవ్వడానికి ఊరంతా కాచుకుని ఉంది. బావ ఊరుకుంటాడనే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఊరుకుంటే బాగుండుననీ అనుకున్నాను.

"చెప్పింది డాక్టరుగారూ" అన్నాడు. "నాకే చెప్పింది. ఓర్చుకోమన్నాను."

అప్పటిదాకా నొప్పికి కూడా ఏడవని పిల్ల, మొహం మీదికి దుప్పటి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది.