బురుల్కాన్ కొత్త డిస్కు

కరకోల్ ఊళ్లో పెళ్లిళ్లకు వీడియో తీసే ఆడమనిషి బురుల్కాన్ ఒక్కతే. బళ్లో భూగోళం చెప్పే ఉద్యోగం మానేసి కెమెరా భుజానికెత్తుకుంది. తీసినవన్నీ ఇంట్లో పాత కంప్యూటర్లో కూర్చుకునేది. ఆ ఏడు కోతలయ్యాక పెళ్లిళ్లు ముమ్మరమై అందులో చోటు చాలలేదు. బజార్లో యూసుప్ కొట్టు నుంచి పెద్ద హార్డ్ డిస్కు తెచ్చి పాతదాని పక్కన బిగించింది.

ఆన్ చేస్తే, నల్లటి తెర మీద డిస్కు పేరు పడాల్సిన చోట కంప్యూటర్ ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఉలుకూ పలుకూ లేదు. డిస్కు ఊడదీసి బజారుకి పట్టుకెళ్లింది. యూసుప్ తన కంప్యూటర్లో పెట్టగానే సుబ్బరంగా తెరుచుకుంది.

"బాగానే ఉందిగా అక్కా" అంటూ అతను డిస్కు వెనక సూదుల్లాంటి మొనల మీద గోరంత ప్లాస్టిక్ ముక్క తొడిగాడు. "ఇప్పుడు మీ ఇంట్లోనూ తెరుచుకుంటుంది."

తెరుచుకుంది. కానీ చోటు పావు వంతే కనిపించింది.

భర్త సొవెత్‌బెక్ నూనెలో వేయించిన బోర్సోక్ ముక్క నములుతూ తొంగిచూశాడు. "గొర్రెని కొంటే, ఇంటికొచ్చేసరికి కోడైందన్నమాట."

"నువ్వూరుకో" అంది.

మర్నాడు కంప్యూటర్నే బొంతలో చుట్టి టాక్సీలో వేసుకెళ్లింది. "మిగతా డిస్కు ఎక్కడ దాచావు యూసుప్?"

అతను నొచ్చుకోలేదు. "అంతా అందులోనే ఉందక్కా. మీ కంప్యూటర్ పాతది, అంత పెద్ద లెక్క దానికి రాదు. బిత్తరపోయి ఆగిపోతోంది. అందుకని ఆ ముక్క తొడిగి 'నేను చిన్నదాన్నే' అని డిస్కు చేత అబద్ధమాడించా."

"అబద్ధమాడితే నడుస్తుంది, నిజం చెబితే ఆగిపోతుందా?"

"అంతేనక్కా."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో బురుల్కాన్‌కి తోచలేదు. యూసుప్ ఆ ప్లాస్టిక్ ముక్క పీకేసి, కంప్యూటర్ లోపల చిన్న కార్డొకటి గుచ్చి, డిస్కు తీగ దానికి తగిలించాడు. "పెద్ద లెక్కలు ఇక ఇది చూసుకుంటుంది."

ఈసారి మొత్తం చోటు కనిపించింది. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. "నిన్న లేనిది ఇవాళ వచ్చిందంటే, రేపు మళ్లీ పోదని ఏంటి నమ్మకం?"

యూసుప్ తన అష్లాన్-ఫూ నూడుల్స్ గిన్నె ఆమె ముందుకు జరిపి, "చల్లగా ఉంది, తినండక్కా" అన్నాడు.

ఇంటికొచ్చి పెళ్లిళ్లన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించింది. ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంది. పెళ్లికూతుళ్లు, అత్తలు, ఏడ్చేవాళ్లు, ఆడేవాళ్లు, అందరూ ఉన్నారు. పాత డిస్కులోవి చెరిపేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"అన్నీ అందులో పట్టాయిగా, ఇవెందుకింకా?" అన్నాడు సొవెత్‌బెక్.

"ఏమో, నాకూ తెలీడం లేదు" అంది బురుల్కాన్, తెర మీంచి చూపు తిప్పకుండా.